ఠ పొట్టలో చుక్క కనపడని మానిటర్

2022 ఆషాఢం. పెళ్లిళ్లు ఉండని నెల కాబట్టి అందరూ తీరికగా ఉంటారనుకుంటాం. విజయవాడ వన్ టౌన్‌లో శుభలేఖలు అచ్చువేసే వాళ్లకు మాత్రం ఊపిరాడని నెల అదే. శ్రావణంలో ముహూర్తాలు పెట్టుకున్న వాళ్లంతా కార్డుల కోసం అప్పుడే వచ్చి పడతారు.

నాది ఏలూరు రోడ్డు పక్క సందులో చిన్న కంప్యూటర్ షాపు. కొత్తవి అమ్ముతాను, ఆఫీసుల నుంచి లాట్లుగా వచ్చే పాతవి బాగుచేసి అమ్ముతాను. అప్పటికి ఇరవై రెండేళ్లుగా అదే పని. ఎన్ని మానిటర్లు అమ్మానో లెక్క లేదు. ఒక్కదాన్ని మాత్రం ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ మానిటర్‌లో లోపం లేదు. నాలోనే ఉంది.

కొన్నది మెహరున్నీసా గారు. మెహరమ్మ అంటే వన్ టౌన్ ప్రెస్సుల వాళ్లందరికీ తెలుసు. అప్పటికి ఆమెకు యాభై నాలుగేళ్లు. భర్త పోయాక ఇంట్లోనే ఒక కంప్యూటర్ పెట్టుకుని డీటీపీ చేసేవారు. డీటీపీ అంటే అచ్చుకు వెళ్లే పేజీని కంప్యూటర్‌లో టైపు చేసి అందంగా అమర్చడం. రెండు సందుల అవతల ఉన్న సాంబశివరావు గారి ప్రెస్సుకు వచ్చే శుభలేఖలన్నీ ఆమె చేతుల మీదుగానే వెళ్లేవి. ఎవరి తాతగారి పేరులో ఏ ఒత్తు ఉండాలో, ఏ ఇంటిపేరు ఎలా రాయాలో ఆమెను అడగాల్సిందే. ఇరవై ఏళ్లుగా వచ్చిన ఇంటిపేర్లన్నీ ఒక లావుపాటి నోటుబుక్కులో రాసిపెట్టుకున్నారు. తెర మీద చదివి చూసుకుని ఆర్డరు చీటీ మీద ఆమె పెన్సిల్‌తో టిక్కు పెట్టకుండా ఆ ప్రెస్సులో కార్డు మెషిన్ ఎక్కదు.

ఆమె దగ్గరున్న పాత మానిటర్ పదిహేడు ఇంచులది, చతురస్రంగా ఉండేది. అది ఒకరోజు ఆరిపోయి మళ్లీ వెలగలేదు. పని నెత్తిమీద ఉంది. ఆటో ఎక్కి నేరుగా నా షాపుకు వచ్చారు.

"బాబూ, తక్కువలో ఒకటి చూడు. పెద్దది వద్దు, నా బల్లకి సరిపోవాలి."

నా దగ్గర ఇరవై నాలుగు ఇంచుల వెడల్పు మానిటర్ ఒకటి రెండు నెలలుగా కదలకుండా ఉంది. ఆఫీసు లాటులో వచ్చినదే అయినా మంచి పీసు. దాన్ని వదిలించుకోవాలన్న ఆలోచన నాకు అప్పటికే ఉంది. ఆ సంగతి ఇక్కడ దాచను.

"ఈ ధరలో ఇంత పెద్ద తెర ఎక్కడా దొరకదమ్మా. పైగా ఐపీఎస్ ప్యానెల్ ఇది," అన్నాను. ఐపీఎస్ అంటే ఏ పక్క నుంచి చూసినా రంగు మారని రకం తెర.

"ఐపీఎస్సా? నా బల్ల మీద పోలీసాఫీసరు ఎందుకు బాబూ!" అని నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, "నాకు ఇంచులు కాదు కావాల్సింది. ధ కింద గీత కనపడాలి. ఠ పొట్టలో చుక్క కనపడాలి. అంతే," అన్నారు.

ఒక కొనుగోలుదారు తనకేం కావాలో ఇంత సూటిగా చెప్పడం ఆ ముందు గానీ ఆ తర్వాత గానీ నేను వినలేదు. విన్నట్టు తలూపాను. "దీంట్లో సినిమాహాల్లో చూసినట్టు కనపడతాయమ్మా," అన్నాను.

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లి బిగించాను. తెర వెలగగానే ఆమె కళ్లు చికిలించి, "ఇదేంటి బాబూ, అక్షరాలు చీమల్లా ఉన్నాయి!" అన్నారు. ఆమె అన్నది మెనూలలో ఉండే చిన్న అక్షరాల గురించి.

ఇక్కడ మా పని గురించి కాస్త చెప్పాలి. మానిటర్ తెర అంటే సన్నటి చుక్కల వరుసలు. వాటిని పిక్సెల్స్ అంటారు. ఆ మానిటర్‌లో పైనుంచి కిందకు వెయ్యీ ఎనభై వరుసలు ఉంటాయి. తయారు చేసినప్పుడే వచ్చిన ఆ లెక్కను నేటివ్ రిజల్యూషన్ అంటారు. దాన్ని తగ్గిస్తే అక్షరాలు పెద్దవవుతాయి, కానీ అంచులు అలుక్కుపోతాయి. అక్షరాలు పెద్దవి కావాలంటే సరైన దారి వేరే ఉంది. రిజల్యూషన్ కదపకుండా స్కేలింగ్ అనే సెట్టింగును నూట ఇరవై ఐదు శాతం చేయాలి. అది చేశాక కంప్యూటర్‌లోంచి బయటికొచ్చి మళ్లీ లోపలికి వెళ్లాలి, ఒక్కో ప్రోగ్రామ్ తెరిచి చూసుకోవాలి. పావుగంట పడుతుంది. రిజల్యూషన్ తగ్గించడానికి అర నిమిషం చాలు. కాస్త వయసైన వాళ్లు అక్షరాలు చిన్నవన్నారంటే మా లైన్లో చాలామంది చేసేది అదే. పెద్దగా కనపడగానే వాళ్లు సంతోషిస్తారు, మేం బండి ఎక్కుతాం. నేనూ అదే చేశాను. వెయ్యీ ఎనభై వరుసల్ని ఏడువందల ఇరవైకి దించాను.

"ఇప్పుడు బాగున్నాయి," అన్నారామె. టీ ఇచ్చారు. తాగి వచ్చేశాను.

ఆమె పాత చిన్న మానిటర్‌లో వెయ్యికి పైగా వరుసలు ఉండేవి. అంటే నేను ఆమెకు పెద్ద తెర ఇచ్చి, చుక్కలు తగ్గించి వచ్చాను. మామూలు ఉత్తరాలు టైపు చేసుకునే వాళ్లకు అది పెద్దగా తెలియదు. ఈమె కార్డు మొత్తం ఒకేసారి తెర మీద పెట్టుకుని పైనుంచి కిందదాకా చదివే మనిషి. తెలుగులో ద కీ ధ కీ తేడా అక్షరం కింద చిన్న గీత. ర కీ ఠ కీ తేడా పొట్టలో ఒక చుక్క. తెర మీది పిక్సెల్స్ చాలకపోతే ముందు పోయేవి అవే.

వారం తర్వాత ఫోన్ చేశారు. షాపులో నలుగురు నిలబడి ఉన్నారు.

"బాబూ, ఒత్తులు సరిగా ఆనట్లేదు. తెరలో ఏమైనా..."

"తెర బ్రహ్మాండంగా ఉందమ్మా, నేను చూశాగా. ఒకసారి కళ్లు చూపించుకోండి. వయసు కదా," అన్నాను.

మా కౌంటర్లలో ఎప్పుడూ ఉండే మాట అది. మానిటర్ వెనక్కి తెస్తారేమోనన్న భయంతో అనే మాట. నేను దాన్ని ఎంతమందికి చెప్పి ఉంటానో. అవతల ఆమె "సరే బాబూ," అని పెట్టేశారు.

అప్పటికి నాకు తెలియనిది ఒకటి ఉంది. ఆమె తల్లికి షుగర్ వల్ల చూపు పోయింది. ఆ తల్లి చనిపోయే ముందు పదేళ్లు మెహరమ్మే ఆమెను చెయ్యి పట్టుకుని నడిపించారు. ఈమెకు కూడా రెండేళ్లుగా షుగర్ అంచున ఉందని డాక్టరు చెబుతున్నాడు. నేను నలుగురిని పంపించే తొందరలో అన్న మాట ఆమె ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్న తీర్పులా తగిలింది.

నాలుగు రోజులకు మళ్లీ ఫోన్. ఈసారి షాపులో ఎవరూ లేరు. కంటి ఆసుపత్రికి వెళ్లొచ్చానని చెప్పారు. కళ్లలో చుక్కలు వేసి పరీక్ష చేశారట. 'ఇప్పటికైతే ఏమీ లేదు, ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోండి' అన్నారట. కళ్లజోడు కొద్దిగా మార్చి, కళ్లు పొడిబారకుండా చుక్కల మందు ఇచ్చారట.

"ఇప్పటికైతే అన్నారు బాబూ. అంటే ముందు ముందు ఉందనేగా? కొత్త జోడు పెట్టుకున్నా ఒత్తులు ఆనట్లేదు. విచిత్రం ఏంటంటే, కాగితం మీద చదివితే బాగానే ఉన్నాయి. వెలుగులో చూస్తేనే మసక. మా అమ్మకీ ముందు వెలుగే పడలేదు."

కాగితం మీద బాగానే ఉన్నాయి.

ఆ మాట వినగానే నాకు అర్థమైపోయింది. వాళ్లింట్లో నా చెయ్యి మౌస్ మీద ఉండటం, ఏడువందల ఇరవై అన్న అంకె మీద నొక్కడం కళ్ల ముందుకొచ్చాయి. 'అమ్మా, అది మీ కన్ను కాదు, నా సెట్టింగు' అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నోట్లోంచి వచ్చింది వేరు. "జాగ్రత్తగా ఉండండమ్మా. చుక్కల మందు మానకండి."

ఎందుకు చెప్పలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. సాంబశివరావు గారు ప్రెస్సులోని సిస్టమ్స్ అన్నీ నా దగ్గరే మార్పిస్తానని మాట ఇచ్చి ఉన్నారు. అదొక కారణం. కానీ అసలు కారణం అంతకన్నా చిన్నది. సెట్టింగు తప్పు పెట్టాడు, పైగా కళ్లు చూపించుకోమన్నాడు అని నలుగురూ నవ్వుకోవడం నాకు ఇష్టం లేదు. వీలు చూసుకుని వెళ్లి గుట్టుగా సరిచేసి వచ్చేద్దాంలే అనుకున్నాను. రేపు అనుకున్నాను. ఆ రేపు తొమ్మిది రోజులు సాగింది. ఫోన్ మోగితే ఆమేనేమోనని పేరు చూసి గానీ ఎత్తేవాణ్ణి కాదు. అన్నం ముందు కూర్చుంటే మా ఆవిడ, "కలుపుతారేగానీ తినరేంటండీ? ఒంట్లో బాలేదా?" అని అడిగేది. షాపులో పని ఎక్కువగా ఉందనేవాణ్ణి.

తొమ్మిదో రోజు, బుధవారం, సాంబశివరావు గారు ప్రింటర్ టోనర్ కోసం షాపుకు వచ్చారు. మనిషి దిగాలుగా ఉన్నాడు.

"ఏమయ్యా ప్రసాదూ, మా కొంప మునిగింది. సుధారాణి పేరు సుదారాణి అని పడింది. అయిదువందల కార్డులు! పెళ్లికూతురి మేనమామ గుడివాడ నుంచి వచ్చి, 'మా పిల్లని సుద్దముక్క చేశారేంటయ్యా' అని వీధిలో కేకలు. అదే కార్డులో పెళ్లికొడుకు తాత నీలకంఠం కాస్తా నీలకంరం అయ్యాడు."

"మెహరమ్మ గారు చూడలేదా?" తీస్తున్న టోనర్ అక్కడే పెట్టి అడిగాను.

"ఆవిడే చూసింది. ఆవిడే టిక్కు పెట్టింది. పాపం, చూపు పోతోందయ్యా ఆవిడకి. నేను ఒక్క మాట అనలేదు, తనే ఏడ్చింది. ఇక మానేస్తానంది. శుక్రవారం నాడు ఇంటిపేర్ల పుస్తకం తెచ్చి ఇచ్చేస్తుందట, తర్వాత వచ్చేవాళ్లకి పనికొస్తుందని."

గురువారం షాపు తెరవకుండానే వాళ్లింటికి వెళ్లాను. సర్వీసు చెకప్ అని అబద్ధం చెప్పాను. కంప్యూటర్ మీద దుప్పటి కప్పి ఉంది. ఆమె మంచం మీద కూర్చుని ఉన్నారు. పక్కన ఆ నోటుబుక్కు. చిరిగిన పేజీలకు మైదా జిగురు రాసి అతుకులు వేస్తున్నారు.

నేను గబగబా రిజల్యూషన్ పైకి తెచ్చాను. స్కేలింగ్ మార్చాను. కార్డు ఒకటి తెరిచి చూశాను. ధ కింద గీత కత్తితో గీసినట్టుంది. ఠ పొట్టలో చుక్క ఆవగింజలా నిలబడి ఉంది.

"ఒకసారి చూడండమ్మా."

ఆమె వచ్చి చూశారు. చాలాసేపు చూశారు. నేను ఆ ముఖంలో వెలుగు కోసం ఎదురుచూస్తున్నాను. అది వచ్చేస్తే నేను ఏమీ చెప్పకుండా బయటపడిపోవచ్చు.

"ఇవాళ బాగానే ఉంది బాబూ," అన్నారు మెల్లగా. "మా అమ్మకీ మధ్యమధ్యలో ఒక్కోరోజు ఇలాగే బాగుండేది. ఆ రోజుల్ని నమ్మే మేం ఆలస్యం చేశాం."

దుప్పటి మళ్లీ కప్పేశారు.

మెట్లు దిగి వచ్చి స్కూటర్ పక్కన నిలబడ్డాను. తెర బాగుపడింది. ఆమె మాత్రం తెరను కాదు, తన కన్నును అనుమానిస్తున్నారు. ఆ అనుమానం పెట్టింది నేను. ఏ సెట్టింగూ దాన్ని తీయలేదు. నోటితో పెట్టినదాన్ని నోటితోనే తీయాలి. అది తెలిసి కూడా ఆ పూట మళ్లీ మెట్లెక్కలేదు. షాపుకు వెళ్లిపోయాను.

మర్నాడు శుక్రవారం పొద్దున్నే ప్రెస్సుకు వెళ్లాను. నేను వెళ్లేసరికే ఆమె అక్కడున్నారు. పుస్తకం సాంబశివరావు గారి బల్ల మీద ఉంది. ఆయన దాన్ని ముట్టుకోకుండా, "ఇంకో నాలుగు రోజులు చూడు మెహరమ్మా," అంటున్నారు.

"రావు గారూ, ఒక్క నిమిషం మీ కంప్యూటర్ ముందు కూర్చోండి," అన్నాను.

"ఇప్పుడా? ఏమిటయ్యా ఇది?"

"కూర్చోండి సార్, దయచేసి."

ఆయన తెర కూడా వెడల్పు తెరే. మెహరమ్మ గారు చేసిన పాత కార్డు ఒకటి తెరిచి, మొత్తం ఒకేసారి కనపడేలా పెట్టాను. "మూడో వరుసలో పేరు చదవండి," అన్నాను. ఆయన చదివారు. "ఇప్పుడు చూడండి," అని రిజల్యూషన్ ఏడువందల ఇరవైకి దించి, కార్డు మళ్లీ నిండుగా పెట్టాను.

సాంబశివరావు గారు ముందుకు వంగారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"ఇదేంటయ్యా, ధ నో ద నో తెలియట్లేదు! నాకు కూడా చూపు పోయిందా ఏంటి?"

"లేదు సార్. మీకూ పోలేదు, అమ్మకీ పోలేదు," అన్నాను. ఆమె వైపు తిరిగాను. తలెత్తడం కష్టమైంది. "మీ మానిటర్‌ని నేనే ఇలా పెట్టి వచ్చానమ్మా. అక్షరాలు పెద్దగా కావాలన్నారని తేలిక దారి చూసుకున్నాను. నిన్న వచ్చింది చెకప్‌కి కాదు. దాన్ని సరిచేసి చెప్పకుండా పారిపోదామని వచ్చాను. మీ కళ్లకు ఏమీ లేదు."

ఆమె వచ్చి ఆయన కుర్చీ వెనక నిలబడ్డారు. "మళ్లీ మార్చు," అన్నారు. మార్చాను. "మళ్లీ దించు." దించాను. అలా అయిదారుసార్లు చేయించారు. చూపుడు వేలు తెర మీద ఒత్తు దగ్గర ఆనించి ఉంచారు. గీత రావడం, పోవడం, రావడం. పెదవులు ఏదో చదువుకుంటున్నట్టు కదిలాయి. కళ్లలో నీళ్లు నిండాయి, తుడుచుకోలేదు.

తర్వాత నా వైపు చూశారు. "నీకెప్పుడు తెలిసింది?"

నిన్ననే అనొచ్చు. సాంబశివరావు గారు కూడా నమ్మేవారు.

"మీరు ఆసుపత్రికి వెళ్లొచ్చి ఫోన్ చేసిన రోజు. కాగితం మీద బాగానే ఉన్నాయన్నారు కదా, అప్పుడే."

"అంటే చుక్కల మందు మానొద్దని చెప్పావే, అప్పటికే తెలుసు."

"తెలుసమ్మా."

సాంబశివరావు గారు "ఓరి నీ..." అని ఆగిపోయారు. ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"ఈ పది రోజులూ నేనేం చేశానో తెలుసా బాబూ? పొద్దున్నే లేచి కళ్లు మూసుకుని వంటింట్లో తిరిగాను. ఉప్పు డబ్బా ఎక్కడుందో, అగ్గిపెట్టె ఎక్కడుందో చేత్తో తడిమి గుర్తుపెట్టుకున్నాను. అమ్మ అలాగే పడేది. ముందే నేర్చుకుంటే ఎవరికీ బరువు కానని."

 రావు గారి తెరను మళ్లీ వెయ్యీ ఎనభైకి పెట్టాను.

ఆమె పుస్తకం తీసి సంచిలో పెట్టుకున్నారు. "సుధారాణి వాళ్ల కార్డు ఫైలు పంపించండి రావు గారూ, మధ్యాహ్నానికి సరిచేసి ఇస్తాను," అని చెప్పి వెళ్లిపోయారు.  ఆ కార్డులు మళ్లీ అచ్చువేయడానికి అయ్యే ఖర్చు నేనే పెట్టుకుంటానన్నాను. ఆయన తీసుకున్నారు. ప్రెస్సు సిస్టమ్స్ మాత్రం బెంజ్ సర్కిల్ దగ్గర వేరే షాపులో కొన్నారు. అందులో ఆయన తప్పేమీ లేదు.

ఇప్పుడు ఇంటికి మానిటర్ కావాలని ఎవరైనా వస్తే ఇంచుల గురించి చివర్లో మాట్లాడతాను. ఏం పని చేస్తారు, తెర మీద ఏది కనపడకపోతే మీకు నష్టం అని ముందు అడుగుతాను. అక్షరాల వాళ్లకు పక్కపక్కన రెండు తెరలు పెట్టి, వాళ్లు రోజూ చదివేదే తెరిచి చూపిస్తాను. నేటివ్ రిజల్యూషన్ ముట్టుకోను. పావుగంట పట్టినా స్కేలింగే మారుస్తాను. సరిగా కనపడటం లేదని ఫోన్ వస్తే ఆ రోజే వెళ్లి వాళ్ల కుర్చీలో నేను కూర్చుని చూస్తాను. తక్కువ ధరలో మంచి మానిటర్ దొరకడం కష్టం కాదు. తప్పు నాది అని మొదటి రోజే ఒప్పుకోవడం నాకు కష్టమైంది, ఇప్పటికీ అంత తేలిక కాలేదు.

ఏడాది తర్వాత వన్ టౌన్‌లో కాగితాల షాపు ముందు మెహరమ్మ గారు ఎదురుపడ్డారు. పక్కకు తప్పుకోబోయాను. ఆమే ఆపారు. పని ఎలా ఉందని నేను అడిగేలోపే ఆమె వేరే ప్రశ్న వేశారు.

"ఏం బాబూ, మళ్లీ ఎవరికైనా చెప్పావా, కళ్లు చూపించుకోమని?"

"లేదమ్మా. ఎవరికీ చెప్పలేదు. ఇక చెప్పను."

"అదీ తప్పే," అన్నారు. "నిజంగా చూపు పోతున్నవాళ్లు కూడా నీ దగ్గరికి వస్తారు. వాళ్లకి చెప్పు. ముందు నీ సామాను చూసుకుని, ఆ తర్వాత చెప్పు."